ఎదురుచూసేవాళ్ల పాటలు

‘డమ్మీ’ విన్నాను. పోర్టిస్‌హెడ్ అనే బ్రిటిష్ బృందం తొలి ఆల్బమ్ అది. 1994 ఆగస్టు 22న విడుదలైంది. ముప్పయ్యేళ్లు దాటిన ఈ పాటలు నా చెవిన ఇప్పుడు పడ్డాయి. పడిన దగ్గర్నుంచీ వేరే పాట రుచించడం లేదు. కనిపించిన ప్రతివాళ్లనీ ఆపి ఇది విన్నారా అని అడుగుతున్నాను. మెట్రోలో పక్కన నిలబడ్డవాళ్లను కూడా అడిగేస్తానేమోనని మా ఆవిడకు భయం పట్టుకుంది. ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను. విన్నారా? వినకపోతే మీ అంత అదృష్టవంతులు లేరు. మొదటిసారి వినే భాగ్యం మీకింకా మిగిలే ఉంది!

మాది చిక్కడపల్లి. పాటకు కొదవలేని పేట. త్యాగరాయ గానసభలో సాయంత్రమైతే ఏదో ఒక కార్యక్రమం ఉంటుంది: ఒకనాడు కచేరీ, ఒకనాడు పాత సినిమా పాటల విభావరి, మరొకనాడు నాట్యం. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సంధ్య, దేవి, సుదర్శన్ థియేటర్ల ముందు కొత్త సినిమా రోజున డప్పులు మోగుతాయి. తెల్లవారుజామున వెంకటేశ్వరస్వామి గుడి మైకు మేలుకొలుపుతుంది. ఇన్ని పాటల మధ్య పెరిగిన చెవులకు ఇలాంటిది ఒకటుందని తెలియనే తెలియదు. తెలియజెప్పినవాడు అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్న ఒక కుర్రాడు. నగర కేంద్ర గ్రంథాలయం బయట టీ తాగుతూ, “అన్నా, ఇది ఒక్కసారి విను. ఫోన్ స్పీకర్‌లో పెట్టకు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని విను. రాత్రిపూట విను” అన్నాడు. అతను చెప్పినట్టే విన్నాను. ఆ రాత్రి ఇక నిద్ర పట్టలేదు.

మొదటి పాట ‘మిస్టెరాన్స్’. ఎక్కడో కవాతు జరుగుతున్నట్టు డ్రమ్ము మీద చిన్నచిన్న దరువులు. వాటి వెనక గాలిలో తేలుతూ సన్నని ఊళ. పాత దెయ్యం సినిమాల్లో కిటికీ రెక్క తనంతట తాను తెరుచుకునేటప్పుడు వినిపించే ఊళ అది. థెరెమిన్ అనే వాయిద్యం ఉంది. చేత్తో తాకకుండా, చేతిని గాలిలో ఆడించి వాయిస్తారు. ఈ పాటలోది దాన్ని తలపించే సింథసైజర్ నాదం. గిటారు ఒక్కో తీగా మీటుతుంది. వీటన్నిటి కింద గ్రామఫోన్ ప్లేటు అరిగినప్పుడు వచ్చే చిటపట. అప్పుడొస్తుంది ఆడగొంతు. పెద్దగా ఎత్తదు, బతిమాలదు. గదిలో దీపం ఆర్పేసి కూర్చున్న మనిషి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఆ గొంతు బెత్ గిబ్బన్స్‌ది. ఐదు నిమిషాల పాటలో నాకు తెలిసిన రాగమేదో ఉందా అని వెతికాను, తెలిసిన తాళమేదో ఉందా అని లెక్కపెట్టాను. రెండో చరణానికల్లా వెతకడం మానేసి ఊరికే వింటూ ఉండిపోయాను.

దీన్ని ట్రిప్‌హాప్ అంటారట. న్యూయార్క్ వీధుల్లో పుట్టిన హిప్‌హాప్ దరువును తీసుకొని, దాని వేగం బాగా తగ్గించి, జమైకా డబ్ సంగీతపు బరువైన బేస్‌ను కింద పరిచి, పైన జాజ్, సోల్, పాత సినిమా నేపథ్య సంగీతం చల్లితే వచ్చేది ఇదీ. ఇది పుట్టింది ఇంగ్లండ్ పడమటి తీరంలోని బ్రిస్టల్‌లో. ఒకప్పుడు బానిసల వ్యాపారంతో బలిసిన రేవు పట్టణం అది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కరీబియన్ దీవుల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు సెయింట్ పాల్స్ అనే పేటలో తమ రెగేనూ, మనిషెత్తు స్పీకర్ల సౌండ్ సిస్టమ్‌లనూ వెంట తెచ్చుకున్నాయి. ఆ స్పీకర్ల ముందు నల్లవాళ్ల పిల్లలూ తెల్లవాళ్ల పిల్లలూ కలిసి పెరిగారు. వాళ్లలో వైల్డ్ బంచ్ అనే జట్టు నుంచి మాసివ్ అటాక్ పుట్టింది. 1991 ఏప్రిల్‌లో ‘బ్లూ లైన్స్’ అనే తొలి ఆల్బమ్‌తో వాళ్లు దారి వేశారు. మూడేళ్లకు అదే దారిలో ‘డమ్మీ’ వచ్చింది. దారి అదే గానీ ఇది నడిచింది ఆ దారిలోని చీకటి పక్కన.

ఈ ఆల్బమ్ వెనక కథ తెలిసినప్పుడు నా ఒళ్లు జలదరించింది. అశోక్‌నగర్‌లో ఉన్నవాళ్లెవరికైనా జలదరిస్తుంది. జెఫ్ బారో అనే కుర్రాడు బ్రిస్టల్‌కు దగ్గర్లోని పోర్టిస్‌హెడ్ అనే చిన్న ఊళ్లో పెరిగాడు. బృందానికి ఆ ఊరి పేరే పెట్టాడు. కోచ్ హౌస్ అనే స్టూడియోలో టేప్ ఆపరేటర్‌గా చేరాడు. టేపులు మార్చడం, అడిగింది అందివ్వడం అతని పని. ‘బ్లూ లైన్స్’ తయారవుతున్నప్పుడు అతను ఆ గదుల్లోనే ఉన్నాడు. బెత్ గిబ్బన్స్ డెవన్‌లో పొలాల మధ్య పెరిగిన అమ్మాయి, పాడాలని బ్రిస్టల్ చేరింది. ఇద్దరూ కలిసింది ఏ కచేరీలోనో కాదు. నిరుద్యోగులు సొంతంగా ఏదైనా పని మొదలుపెట్టుకుంటే వారానికి 40 పౌండ్లు ఇచ్చే ఒక ప్రభుత్వ పథకం అప్పట్లో ఉండేది. ఆ పథకం శిక్షణ తరగతిలో, 1991 ఫిబ్రవరిలో, విరామ సమయంలో కలిశారు. అతనికి పంతొమ్మిదేళ్లు, ఆమెకు ఇరవై ఆరు. ఇద్దరికీ స్థిరమైన పని లేదు. ఇద్దరి దగ్గరా పాట ఉంది.

పని లేనివాళ్ల శిక్షణ తరగతిలో కూర్చుని ఇద్దరు మనుషులు కలుసుకుంటే ఇంతటి సంగీతం పుట్టింది! అశోక్‌నగర్ వీధుల్లో అలాంటి తరగతులు మనకు కొత్త కాదు. ఇక్కడ ప్రతి మేడ మీదా ఒక కోచింగ్ సెంటర్ బోర్డు, ప్రతి సందులోనూ ఒక హాస్టల్, ప్రతి మలుపులోనూ ఒక జిరాక్స్ షాపు. 2022 అక్టోబరులో గ్రూప్-1 ప్రిలిమ్స్ రాశారు, అది రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాశారు, అదీ రద్దయింది. కొత్త నోటిఫికేషన్ వచ్చాక 2024 జూన్‌లో ఇంకోసారి రాశారు. మధ్యలో వయసు ఆగదు, ఇంటి నుంచి వచ్చే ఫోన్లు ఆగవు. ఏళ్ల తరబడి ఎదురుచూసే మనిషి లోపల ఒక శబ్దం ఉంటుంది. కోపం ఆరిపోయి, ఆశ పూర్తిగా చావక, రెంటికీ నడుమ సన్నగా మోగుతూ ఉంటుంది. దాన్ని మన సినిమా పాట పట్టుకోలేదు, ఎందుకంటే సినిమాకు మూడు గంటల్లో ఏదో ఒకటి తేలాలి. ‘డమ్మీ’లో ఏదీ తేలదు. ఆ తేలకపోవడాన్నే ఇంత అందంగా పాడొచ్చని నాకు ఇప్పుడే తెలిసింది. గ్రంథాలయం బయట కలిసిన ఆ కుర్రాడు దీన్ని ఎందుకు వింటున్నాడో అతన్ని అడగాల్సిన పని లేకపోయింది.

ఇక పనితనం గురించి చెప్పాలి. బారోకు పాత ప్లేట్లంటే పిచ్చి. పాత రికార్డులోంచి రెండు మూడు క్షణాల ముక్కను కత్తిరించి, దాన్నే తిప్పితిప్పి వాయించి కొత్త పాటకు పునాది వెయ్యడాన్ని శాంప్లింగ్ అంటారు. హిప్‌హాప్‌వాళ్లందరూ చేసేదే. కానీ వీళ్లు ఇంకో మెట్టు ఎక్కారు. అడ్రియన్ అట్లీ అనే జాజ్ గిటారు వాద్యకారుడు వీళ్లతో చేరాడు. అప్పటికే నలభైకి దగ్గరపడుతున్న మనిషి, వాయిద్యం మీద పట్టున్నవాడు. స్టూడియోలో తామే కొత్తగా వాయించుకున్నారు. ఆ వాయించినదాన్ని ప్లేటు మీద అచ్చు వేయించారు. ఆ ప్లేట్లను నేల మీద పడేసి, వాటి మీద నడిచి, కావాలనే గీతలు పడేలా చేశారు. ఆ గీతలు పడ్డ ప్లేట్లోంచి మళ్లీ ముక్కలు కత్తిరించి పాటలో పెట్టారు. నిన్న పుట్టిన నాదాన్ని ఆవకాయలా ఊరబెట్టి, ముప్పయ్యేళ్ల నాటిదిగా మార్చి వడ్డించారన్నమాట! అందుకే ఈ పాటలు వింటుంటే ఎప్పటివో చెప్పలేం. 1964వి అంటే నమ్ముతాం, 1994వి అంటే నమ్ముతాం, రేపటివి అన్నా నమ్ముతాం.

రెండో పాట ‘సోర్ టైమ్స్’ వినగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అందులో మోగే మొదటి నాదం నాకు తెలుసు. ఆ పాట కాదు, ఆ జాతి తెలుసు. 1966లో కృష్ణ ‘గూఢచారి 116’ చేసిన నాటి నుంచి మన డిటెక్టివ్ సినిమాల్లో కోటు తొడుక్కున్న హీరో మెట్లు దిగుతుంటే వెనక మోగే ఆ జలదరింపు గిటారు, ఆ అనుమానపు సంగీతం. ఇక్కడి ముక్క అర్జెంటీనాలో పుట్టిన లాలో షిఫ్రిన్‌ది. ‘మిషన్ ఇంపాసిబుల్’ టీవీ ధారావాహిక కోసం చేసిన సంగీతంతో 1968లో వచ్చిన రికార్డులోని ‘డాన్యూబ్ ఇన్సిడెంట్’. అందులో మోగే సింబలమ్ మన సంతూర్‌కు యూరప్‌లో ఉన్న చుట్టం. గూఢచారి కథల కోసం పుట్టిన ఆ హడావుడి సంగీతాన్ని తీసుకొచ్చి ఒక ఒంటరి ఆడమనిషి వేదన కింద పరిచారు. ఎవరో వెంటాడుతున్న భావన అలాగే ఉంది. వెంటాడుతున్నది మాత్రం శత్రువు కాదు, ఆమె జ్ఞాపకమే. సినిమా సంగీతమే మన సంగీతంలో ముప్పాతిక వంతు అనుకునే మనకు ఈ పాట సులువుగా తలుపు తీస్తుంది. మీరు ఇక్కణ్నుంచే లోపలికి రండి.

బెత్ గిబ్బన్స్ గొంతు గురించి ఎంత చెప్పినా తక్కువే. విషాదం అనగానే మన చెవికి అలవాటైన దారి ఒకటుంది. 1953 ‘దేవదాసు’లో ఘంటసాల పాడితే దుఃఖం గుండెలోంచి కట్టలు తెంచుకొని పారుతుంది. మనం కూడా కొట్టుకుపోతాం, అదొక మహానుభవం. గిబ్బన్స్ దారి పూర్తిగా వేరు. కట్ట తెగనివ్వదు. నీళ్లు అంచుదాకా వచ్చి ఆగుతాయి. ‘వాండరింగ్ స్టార్’లో బేస్ గుండె దరువులా బరువుగా కొట్టుకుంటుంటే ఆమె అలసిపోయిన మనిషిలా ఒక్కో మాటా పెడుతుంది. ‘ఇట్ కుడ్ బీ స్వీట్’లో అదే గొంతు మెత్తబడి, ఇంకొంచెం ఉంటే నవ్వేదేమో అనిపిస్తుంది. ‘నమ్’లో సగం మాట గొంతులోనే ఆగి, ఆ ఖాళీని ప్లేటు గీకిన చప్పుడు నింపుతుంది. కచేరీల్లో మన విద్వాంసులు విళంబకాలంలో ఒక స్వరం మీద నిలిచి, పక్క స్వరానికి వెళ్లే ముందు తటపటాయించే ఆ క్షణం ఉంటుంది చూశారూ, గిబ్బన్స్ ఆ తటపటాయింపులోనే ఇల్లు కట్టుకుంది. ఆమె పత్రికలకు ఇంటర్వ్యూలు ఇవ్వడం చాలా అరుదు. ఇవ్వక్కర్లేదు కూడా. చెప్పాల్సిందంతా పాటలోనే ఉంది.

‘స్ట్రేంజర్స్’లో ఒక వింత జరుగుతుంది. జాజ్ బృందం వెదర్ రిపోర్ట్ వాయించిన ముక్కతో దర్జాగా మొదలై, వెంటనే ఫోన్ మోగినట్టు ఒక మొరటు చప్పుడులోకి పడిపోతుంది. మధ్యలో అన్నీ ఆగి, పాత రేడియోలోంచి వస్తున్నట్టు గిటారూ గొంతూ మాత్రమే మిగులుతాయి. ఆకాశవాణిలో పాటలు విన్న తరానికి ఆ మసక నాదం ఎంత తియ్యగా ఉంటుందో! ‘పెడస్టల్’లో నోరు మూసిన ట్రంపెట్ ఒకటి అర్ధరాత్రి వీధిలో ఒంటరిగా నడుస్తుంది. ‘బిస్కట్’లో 1950ల అమెరికన్ గాయకుడు జానీ రే గొంతును వేగం తగ్గించి వినిపిస్తారు. ఆ పాట పాడినవాడు ఆ నెమ్మదిలో లోతైన బావిలోంచి పిలుస్తున్నట్టు అవుతాడు. అది విని నా చేతి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. వేగం ఒక్కటి మారిస్తే ఒక మనిషి పాట ఇంకో మనిషి భయమవుతుందని చెప్పడానికి ఇంతకన్నా రుజువేం కావాలి!

‘రోడ్స్’ దగ్గర నేను ఓడిపోయాను. 1980ల మన సినిమా పాటల్లో వినిపించే ఎలక్ట్రిక్ పియానో తెలుసుగా, అలాంటిదే ఒకటి మొదట ఒంటరిగా వణుకుతూ మోగుతుంది. వేరే ఏమీ లేదు. ఆ వణుకు మీద గొంతు అడుగుపెడుతుంది. తర్వాత డ్రమ్ము, తర్వాత గిటారు, ఇక చాలు అనుకున్న చోట వయొలిన్లు లేస్తాయి. మన నేపథ్య సంగీతంలో వయొలిన్లు లేస్తే ఏడవమని ఆజ్ఞ. ఇక్కడ అవి ఆజ్ఞాపించవు, పక్కన కూర్చుంటాయి. తోడులేని మనిషి ఇక పోరాడలేని స్థితిలో అడిగే ప్రశ్న ఆ పాట. జవాబు ఇవ్వదు. నాకు కళ్లు చెమర్చాయి, కానీ మనసు తేలికపడింది. ఇలా ఎందుకు జరుగుతుందో ఏ లక్షణగ్రంథం చెబుతుందో గానీ, కరుణరసం సేదతీరుస్తుందని మన పెద్దలు అన్నది నిజమని ఈ పాట సాక్ష్యం చెబుతోంది.

ఈ ఆల్బమ్‌ను మా పేటల్లో నడుస్తూ వినాలి. రాత్రి పదిన్నర దాటాక నారాయణగూడ చౌరస్తాలో మొదలుపెట్టండి. వైఎంసీఏ దగ్గర బస్సుల రొద తగ్గి ఉంటుంది. 2020 ఫిబ్రవరిలో మొదలైన మెట్రో వంతెన రోడ్డు పొడవునా తలమీద నీడలా సాగుతుంది. ఆ స్తంభాల వరసకూ ‘మిస్టెరాన్స్’ దరువుకూ ఎక్కడో లంకె కుదురుతుంది. చిక్కడపల్లి దాటేసరికి ‘సోర్ టైమ్స్’, ‘స్ట్రేంజర్స్’ అయిపోతాయి. షట్టర్లు దించుతున్న చప్పుడు కూడా పాటలో భాగమే అనిపిస్తుంది. ఎడమవైపు అశోక్‌నగర్‌లోకి తిరగండి. స్టడీ హాళ్లలో ట్యూబ్‌లైట్లు ఇంకా వెలుగుతుంటాయి, బండి దగ్గర ఆఖరి ప్లేటు ఇడ్లీకి ఇద్దరు ముగ్గురు నిలబడి కరెంట్ అఫైర్స్ మాట్లాడుకుంటుంటారు. అక్కడ ‘వాండరింగ్ స్టార్’ రావాలి. హుస్సేన్‌సాగర్ నాలా వైపు వెళ్లే నిర్మానుష్యపు సందులో ‘రోడ్స్’. బ్రిస్టల్ వానలో పుట్టిన సంగీతం హైదరాబాద్ గోడలకు ఇంతలా అతుక్కుంటుందని వింటే తప్ప నమ్మలేం.

చివరి పాట ‘గ్లోరీ బాక్స్’. ఐజక్ హేస్ 1971 ఆల్బమ్ ‘బ్లాక్ మోజెస్’లోని ముక్క ఒకటి మెట్లు దిగినట్టు బేస్ మీద దిగుతూ ఉంటుంది. ఆ మెట్ల మీద గిబ్బన్స్ ఈసారి తల ఎత్తుకొని నిలబడుతుంది. అప్పటిదాకా అణచిపెట్టినదంతా అట్లీ గిటారులో ఒక్కసారి అరుస్తుంది. ఆడమనిషిగా బతకడంలోని అలసటనూ హక్కునూ ఒకే ఊపిరిలో పాడిన పాట ఇది. ఇదే హేస్ ముక్కతో బ్రిస్టల్‌వాడే అయిన ట్రికీ మరుసటి ఏడు తన తొలి ఆల్బమ్ ‘మాక్సిన్‌క్వే’లో ఇంకో పాట కట్టాడు. రెండూ పక్కపక్కన వినండి. పునాది ఒకటే, లేచిన మేడలకు పోలికే లేదు. ముక్క తీసుకోవడం దొంగతనమని కొట్టిపారేసేవాళ్లు ఈ రెండూ విని మాట్లాడాలి.

1995లో బ్రిటన్ మెర్క్యురీ బహుమతికి ట్రికీ ఆల్బమ్, ఒయాసిస్ ‘డెఫినిట్‌లీ మేబీ’ పోటీలో ఉండగా గెలిచింది ‘డమ్మీ’. అమ్మకాల జాబితాలో అక్కడ రెండో స్థానం దాకా వెళ్లింది. ఆ ఊపులో ఏడాదికొకటి చేసి పారేయొచ్చు. వీళ్లు చేయలేదు. రెండోది 1997లో, మూడోది 2008లో, అంతే. గిబ్బన్స్ తన పేరుతో ‘లైవ్స్ అవుట్‌గ్రోన్’ తెచ్చింది 2024లో. తొందర లేని మనుషులు చేసిన పనికి తొందరగా వయసు మీదపడదు. ‘డమ్మీ’ మొత్తం యాభై నిమిషాలకు కాస్త తక్కువ. అందులో పాతబడిన నిమిషం ఒక్కటి కూడా నాకు దొరకలేదు.

ఇక హైదరాబాద్‌లో లాప్‌టాప్ ముందు కూర్చుని సంగీతం కడుతున్న పిల్లలకు ఒక మాట. మన దగ్గర బ్రిస్టల్‌కు తీసిపోని పాత ప్లేట్ల సంపద ఉంది. డిటెక్టివ్ సినిమాల నేపథ్య సంగీతం, నాటకాల పద్యాలు, హరికథలు, బుర్రకథలు ఉన్నాయి. హక్కుదారుల అనుమతితో, గౌరవంతో వాటిని తాకండి. లేదా పోర్టిస్‌హెడ్‌లా మీరే వాయించి మీరే పాతబరచండి. తెలుగులో పాడండి. ఎదురుచూపుల గురించి పాడండి, ఆ అనుభవానికి ఈ పేటల్లో కొరత లేదు. అలాంటి తొలి ఆల్బమ్ తెలుగులో ఒకటి వస్తే, దాన్ని త్యాగరాయ గానసభ వేదిక మీద వినిపిస్తే, మొదటి వరసలో నేనుంటాను.

మీరు మాత్రం అంతదాకా ఆగొద్దు. ఇంగ్లిష్ పాటలు అర్థంకావని వెనకాడొద్దు. ఆ గొంతుకు నిఘంటువు అక్కర్లేదు. ఈ రాత్రే ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని, ‘మిస్టెరాన్స్’తో మొదలుపెట్టి ‘గ్లోరీ బాక్స్’ దాకా, మధ్యలో ఒక్క పాట కూడా దాటేయకుండా వినండి. విన్నాక మీకు తెలిసినవాళ్లలో ఏదో ఒక ఫలితం కోసం ఎదురుచూస్తున్న ఒక మనిషికి తప్పకుండా చెప్పండి.